లేని కుర్చీలో కూర్చునే విద్య

జ్వరం తగ్గినవాళ్లంత దురదృష్టవంతులు లోకంలో లేరు. ఊరికే అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను.

జ్వరం ఉన్నంతకాలం మనిషికి ఇంట్లో ఒక హోదా ఉంటుంది. మంచం పక్కన మంచినీళ్లుంటాయి. గదిలోకి వచ్చేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. పక్కింటి టీవీ కూడా కాస్త మర్యాదగా మోగుతుంది. అదే థర్మామీటరు ఒక్కసారి మామూలుకి దిగిందా, అంతే! "తగ్గిపోయిందిగా, ఇంకా పడుకునే ఉన్నావేం?" అని అడగని మనిషి ఉండడు. పోయిన జ్వరాన్ని తలుచుకుని కుమిలిపోవడం తప్ప కోలుకున్నవాడు చేయగలిగిందేముంది?

ఇదివరకైతే ఏమీ లేదు. ఇప్పుడుంది! దాని పేరు హాట్ యోగా. తలుపులు బిగించి, గదిని నలభై డిగ్రీల దాకా కాచి, అందులో మనిషిని నిలబెట్టి, కాళ్లూ చేతులూ మెలితిప్పించి, చెమటలు కక్కించే మహత్తర విద్య ఇది. డాక్టరు నానా తంటాలు పడి దించిన వేడిని వీళ్లు పద్ధతి ప్రకారం మళ్లీ ఎక్కిస్తారు. ఇంతటి ఉపకారాన్ని పట్టుకుని కొందరు "ఇదేం పిచ్చి!" అంటున్నారు. వాళ్ల నోళ్లు మూయించడానికే ఈ రచన. నా సాక్షి మా వదిన.

వదిన లెక్కల టీచరు. అన్నయ్యని పెళ్లి చేసుకుని మా ఇంట్లో అడుగుపెట్టిన ఏడాదే ఆ స్కూల్లోనూ అడుగుపెట్టింది. లెక్కలు చెప్పడంలో ఎంత పేరుందో, పరీక్ష హాల్లో కాపలా కాయడంలో అంతకు రెట్టింపు పేరుంది. ఆవిడ లోపలికి వస్తే చీటీలు జేబుల్లోనే చెమటకి తడిసిపోయేవట. దొరికిన పిల్లలు ఏడ్చినా, కాళ్లావేళ్లా పడ్డా ఆవిడ కరిగిన దాఖలా లేదు.

అలాంటి మనిషికి టైఫాయిడ్ వచ్చింది. తగ్గింది. తగ్గిందని మేం ఊపిరి పీల్చుకునేలోపు తిరగబెట్టింది. రెండోసారి పోతూ పోతూ సగం జుట్టూ, సగం బరువూ, మొత్తం ఓపికా పట్టుకుపోయింది. నాలుగు మెట్లెక్కితే వదిన గోడ పట్టుకుని నిలబడిపోయేది. డాక్టరు మాత్రం ధైర్యం చెప్పాడు. "ఉద్యోగానికి నిక్షేపంలా వెళ్లొచ్చమ్మా. కాకపోతే కొన్నాళ్లు కూర్చుని పాఠం చెప్పండి" అన్నాడు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ స్కూల్లో పిల్లలకి బెంచీలుంటాయి, టీచరుకి బోర్డుంటుంది. టీచరుకి కుర్చీ ఉండదు! ఉన్నవాటిని కరస్పాండెంటు గారు కొన్నేళ్ల కిందటే తీయించేశారు. స్కూలు పెట్టిందీ నడిపేదీ ఆయనే కాబట్టి అడిగేవాళ్లు లేరు. టీచరు కూర్చుంటే పిల్లవాడు పడుకుంటాడని ఆయన సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని ఆయన ఎక్కడ కూర్చుని కనిపెట్టారని అడుగుతారేమో! తన గదిలో, గిర్రున తిరిగే నల్లని తోలు కుర్చీలో కూర్చుని.

వదిన వెళ్లి ఆయన ఎదురుగా నిలబడింది. ఎదుటివాళ్లు నిలబడాల్సిందే, ఆ గదిలో రెండో కుర్చీ లేదు.

"మీ ఆరోగ్యం కన్నా మాకేదీ ఎక్కువ కాదు మేడమ్," అన్నాడాయన కుర్చీని ఇటు నుంచి అటు తిప్పుతూ. "రోజంతా నిలబడగలిగినప్పుడే రండి. మీ క్లాసులు ఎలాగూ ఆ కొత్తమ్మాయి చూస్తోంది."

"ఒక్క కుర్చీ వేయించండి సార్, రేపే వచ్చేస్తాను."

"మీకొకటి వేస్తే అందరూ అడుగుతారు. అదొక అంటువ్యాధి మేడమ్!" అని ఆయన అటు నుంచి ఇటు తిరిగాడు. "మా ఆవిడనే తీసుకోండి. హాట్ యోగాలో అడ్వాన్స్‌డ్! ఎంతసేపు నిలబెట్టినా చెక్కు చెదరదు. మీరూ అక్కడ చేరి, అడ్వాన్స్‌డ్ అయి రండి. ఎండాకాలం సెలవులయ్యి స్కూలు తెరిచేలోపు అయ్యారా, మీ క్లాసులు మీవే. లేదంటే ఆ అమ్మాయినే పర్మనెంట్ చేసేస్తాను, తర్వాత నన్నేమీ అనుకోకూడదు."

"ఆ ఉద్యోగం లేకపోతే మనకి పూట గడవదా? మానెయ్యి!" అన్నాడు అన్నయ్య ఇంట్లో.

వదిన ఒప్పుకోలేదు. "పెళ్లయినప్పట్నుంచీ నిలబడ్డ చోటండీ అది. ఒక్కసారి కూర్చుంటానని అడిగినందుకు వదిలేసుకోవాలా?" అంది.

మర్నాటి నుంచీ హాట్ యోగాకి నన్ను తోడు పంపారు. రాసుకునేవాడికి వేరే పనేముంటుందని మా ఇంట్లో గట్టి నమ్మకం. వదిన లోపల ఉడుకుతుంటే నేను బయట రిసెప్షన్లో, ఏసీ కింద, మెత్తని సోఫాలో కూర్చునేవాణ్ణి. హాట్ యోగా మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. బయట కూర్చున్నవాడికి ఇంత సుఖాన్నిచ్చే వ్యాయామం ఇంకొకటి చెప్పండి చూద్దాం!

లోపల మూడు వరసలు. తలుపు దగ్గర, కాస్త గాలి దూరే చోట బిగినర్స్. మధ్యలో మధ్యరకం వాళ్లు. అన్నిటికన్నా ముందు, హీటరుకి ఆనుకుని అడ్వాన్స్‌డ్. అంటే ఎంత ఎదిగితే అంత మాడతారన్నమాట. ఏ ఆఫీసులోనైనా జరిగేది ఇదే కదా! దీన్ని తప్పుపట్టేవాళ్లకి జీవితానుభవం లేదని నా అభిప్రాయం.

మొదటి రోజు వదిన తలుపు తియ్యగానే, లోపలున్న ఇన్‌స్ట్రక్టరు గబుక్కున చేతులు కట్టుకున్నాడు. తలుపంత మనిషి, ఒళ్లంతా కండలు.

"గుడ్ మార్నింగ్ మేడమ్!"

వదిన కళ్లజోడు తుడుచుకుని చూసింది. "నువ్వా! ఎక్కాలు వచ్చాయా?"

"పన్నెండు దాకా వచ్చాయి మేడమ్."

వదిన క్లాసులో ఇతగాడు బెంచీ మీద కన్నా గోడకుర్చీలోనే ఎక్కువ కాలం గడిపాడు. గోడకి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, లేని కుర్చీలో కూర్చున్నట్టు ఉండాలి. మనలో చాలామందికి ఆ శిక్ష పరిచయమే. అప్పుడు బలిసిన తొడలే ఇప్పుడతనికి అన్నం పెడుతున్నాయి. చదువు వృథా పోదనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

బిగినర్ పరీక్ష చాలా తేలిక. గదిలోంచి పారిపోకుండా ఉంటే పాసు! మొదటి రోజు వదిన పాసవలేదు. మధ్యలోనే తలుపు తోసుకుని వచ్చి నా పక్కన కూలబడింది. కాళ్లు రెండూ వణుకుతున్నాయి, పెదాలు తెల్లబడిపోయాయి. ఏం చెయ్యాలో తోచక నేను నీళ్లసీసా మూత తియ్యడానికి అవస్థపడుతుంటే, ఆవిడే లాక్కుని, మూత తీసి, తాగి, లేచి మళ్లీ లోపలికి వెళ్లింది. ఆ వెళ్లడం చూశాక సోఫా నాకంత మెత్తగా అనిపించలేదు. సరే, అది వేరే సంగతి.

ఈ సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు. "ఆ వేడి దించడానికేగా తల్లీ నేనిన్ని మందులు రాసింది!" అన్నాడు. పాపం, పాతకాలపు మనిషి.

ఇంట్లో మాత్రం అందరూ తలా ఒక చెయ్యి వేశారు. వద్దన్న అన్నయ్యే ప్రాక్టీసు కోసమని ఫ్యాన్లు ఆపేశాడు. మా అమ్మ కోడలు తిరిగి రాగానే బట్టలు పట్టి చూసి, "ఇవాళ చెమట తక్కువ పట్టినట్టుందే! సరిగ్గా చేశావా?" అనేది. ఫోన్లు చేసే బంధువులు కూడా మారిపోయారు. ఇదివరకు "జ్వరం ఎంతుంది?" అనేవాళ్లు, ఇప్పుడు "లెవెల్ ఎంత?" అంటున్నారు. మా మేనత్తయితే తన కోడలి లెవెల్‌తో పోల్చి కాసేపు బాధపడింది కూడా. నిన్న మొన్నటి దాకా మంచం మీదున్న మనిషిని ఇంత తొందరగా పోటీలోకి దింపగల శక్తి ఏ మందుకుంది?

పైగా ఆ గదిలో ఎన్ని సౌకర్యాలు! కళ్లజోళ్లకి ఆవిరి పట్టేస్తుంది కాబట్టి ఎవరు ఎవరికన్నా లావో తెలియదు. ఫోన్లు లోపలికి రానివ్వరు. మాట్లాడకూడదు కాబట్టి "అయ్యో, ఎంత చిక్కిపోయావు!" అనే పరామర్శలుండవు. ఊపిరి ఆడితేగా పరామర్శించడానికి!

వదిన పడింది, లేచింది. ఒంటికాలి మీద నిలబడబోయి పక్కావిడని పట్టుకుంటే ఇద్దరూ పడ్డారు. అయినా మొండిది. తలుపు దగ్గర్నుంచి మధ్యకి జరిగింది. మధ్య నుంచి, సెలవులు అయిపోవస్తుండగా, హీటరు పక్కకి చేరింది. శిష్యుడికి గురువుగారిని "వంగండి" అనే ధైర్యం చివరిదాకా రాలేదు. "వీలుంటే వంగుతారా మేడమ్" అనేవాడట.

అడ్వాన్స్‌డ్ వాళ్ల అసలు విద్య ఏమిటో తెలుసా? గోడకుర్చీ! కాకపోతే గోడ కూడా ఉండదు. గది మధ్యలో మోకాళ్లు వంచి, చేతులు పైకెత్తి, కళ్లు మూసుకుని, వెనక లేని కుర్చీలో కూర్చోవాలి. తొడలు భగ్గున మండుతాయట. "వాణ్ణి అందులో ఎంతేసి సేపు ఉంచేదాన్నో!" అని అది నేర్చుకున్న రాత్రి భోజనాల దగ్గర గొణుక్కుంది వదిన, తన పాత శిష్యుణ్ణి తలుచుకుని.

ఆ వరసలో అందరికన్నా ముందు నిలబడేది కరస్పాండెంటు గారి భార్య. నడుముకి చుట్టుకున్న పెద్ద టవలు నేల దాకా జీరాడుతూ ఉండేది. ఆవిడ ఆ లేని కుర్చీలో ఎంతసేపైనా, పెళ్లిచూపుల్లో కూర్చున్నంత నిమ్మళంగా కూర్చునేది. ఇన్‌స్ట్రక్టరు రోజూ ఆవిడనే చూపించి, "మేడమ్ గారిని చూడండి! వణుకుందా? లేదు!" అనేవాడు.

ఒకరోజు అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. వదిన మూసుకోలేదు, పైగా కళ్లజోడు తుడిచి పెట్టుకుంది. ఎలా మూసుకుంటుంది? గది నిండా జనం నోరెత్తకుండా వరసల్లో ఉంటే రెప్ప వాల్చడం ఆవిడకి చేతకాదు. ఆ అలవాటుకొద్దీ ఒక్కొక్కరినే చూసుకుంటూ ముందు వరసకి వచ్చింది. అందరి కాళ్లూ వణుకుతున్నాయి, ఒక్కరివి తప్ప. లెక్కలన్నీ ఒక్క కొట్టివేత లేకుండా చేసిన పేపరంటే వదినకి ఎప్పుడూ అనుమానమే.

తనెక్కడుందో ఆవిడకి గుర్తు లేదు. గొంతు దానంతటదే లేచింది.

"ఏయ్, ముందు వరస! ఆ టవలు కింద ఏముంది? తియ్యి బయటికి!"

గది గదంతా ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఒకాయన రెండు చేతులూ పైకెత్తేశాడు. ఇంకొకావిడ తన చాప ఎత్తి కింద ఏమీ లేదని చూపించింది. ఇన్‌స్ట్రక్టరయితే ఎవరూ అడగకుండానే పరుగున వెళ్లి గోడకుర్చీ వేశాడు!

కరస్పాండెంటు గారి భార్య ఒక్కతే లేవలేదు. తల తిప్పి వదిన వైపు చూసింది. టవలు అంచు కింద నుంచి చిన్న ప్లాస్టిక్ స్టూలు కాలొకటి తొంగిచూస్తోంది. ఆవిడ కళ్లలో ఉన్న చూపు వదినకి కొత్త కాదు. దొరికిపోయిన పిల్లలందరి కళ్లలో ఉండేదే. ఆ చూపుకి ఎన్నడూ కరగని మనిషి ఆ రోజు కరిగిపోయింది. తన కాళ్లు అప్పటికే రెండూ మొద్దుబారి ఉన్నాయి మరి.

"ఏం లేదులెండి," అంది వదిన. "కూర్చోండి."

ఎవర్ని అన్నదో ఎవరికీ అర్థం కాలేదు. కానీ అందరూ ఎక్కడివాళ్లక్కడ చతికిలబడ్డారు. ఆ గది పెట్టాక అంతమంది అంత ఆనందంగా కలిసి చేసిన ఆసనం అదొక్కటే.

బట్టలు మార్చుకునే గదిలో ఆవిడ వదిన చెయ్యి పట్టుకుంది.

"మా ఆయనకి చెప్పకండమ్మా."

"ఎన్నాళ్ల నుంచి ఈ స్టూలు?"

"ఆపరేషన్ అయినప్పట్నుంచీ. నడుము నిలవడం లేదు. ఆయనేమో వచ్చిన ప్రతివాళ్లతోనూ మా ఆవిడ అడ్వాన్స్‌డ్ అని చెప్పేసుకున్నారు. ఇప్పుడు నా వల్ల కాదంటే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారు?" కళ్లు తుడుచుకుని అడిగింది. "అది సరే, నాకంటే తప్పదు. జ్వరం పడి లేచారట, మీకెందుకమ్మా ఈ అవస్థ?"

వదిన చెప్పింది. ఆవిడ నమ్మలేదు.

"క్లాసుల్లో కుర్చీలు లేవా? ఒక్కటి కూడా?"

"స్కూలు మొత్తానికీ ఒకటుంది. సార్ గదిలో, గిర్రున తిరిగేది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, ఆ నవ్వు రిసెప్షన్లో ఉన్న నాకు కూడా వినిపించింది. జబ్బు పడ్డాక వదిన అంతలా నవ్వడం అదే మొదలు.

స్కూలు తెరిచే రోజు వదిన కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్లి, ఆయన కళ్ల ముందే మోకాళ్లు వంచి, చేతులెత్తి, లేని కుర్చీలో కూర్చుని చూపించింది. ఆయన ఉన్న కుర్చీలో వెనక్కి వాలి, మురిసిపోతూ చూశాడు.

"అద్భుతం మేడమ్! నేను చెప్పలేదూ? ఇక మీకు కుర్చీ సమస్యే లేదు. క్లాసులో ఎప్పుడైనా కూర్చోవాలనిపించిందా, ఇలాగే కూర్చోండి. కుర్చీ లేకుండా ఎంతసేపైనా కూర్చోండి, మేనేజ్‌మెంటుకి ఏ అభ్యంతరమూ లేదు!"

గెలిచింది కదా అనుకున్నాం. మొదటి పీరియడు నిలబడింది. రెండోదీ నిలబడింది. మూడో పీరియడులో బోర్డు మీద సగం లెక్కలో ఉండగా అంకెలు అలుక్కుపోయాయి. ఇంకో నిమిషం నిలబడితే పిల్లల ముందు పడిపోయేదే. చాక్‌పీసు పక్కన పెట్టి, మొదటి బెంచీలో ఉన్న అమ్మాయితో, "కాస్త జరగమ్మా" అంది. ఆ అమ్మాయి జరిగింది. వదిన కూర్చుంది. మిగతా లెక్క అక్కడి నుంచే చెబుతుంటే ఒక్కొక్కరే వెళ్లి బోర్డు మీద వేశారు. ఒక్క పిల్ల కూడా నిద్రపోలేదు. పైన కరస్పాండెంటు గారి కెమెరా కూడా నిద్రపోలేదు.

లెక్క పూర్తయ్యేలోపు కరస్పాండెంటు గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. పిల్లలంతా లేచి నిలబడ్డారు. వదిన లేవలేదు.

"ఏమిటిది మేడమ్? మీరు నిలబడగలరని పొద్దున్నే నా కళ్లతో చూశానుగా!"

"నిలబడగలను సార్. చూపించాను కూడా. ఇప్పుడు అలిసిపోయాను, అందుకని కూర్చున్నాను." చేతికంటిన చాక్‌పీసు పొడి దులుపుకుంది. "అలిసిపోయినవాళ్లు కూర్చుంటారు సార్. దానికి లెవెల్ అక్కర్లేదు. పిల్లలూ, మీరు కూర్చోండి. మిమ్మల్ని కూడా కూర్చోమనేదాన్నే సార్, కుర్చీ లేదు, ఏమీ అనుకోకండి."

ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు. పిల్లలు చూస్తున్నారు. "మేనేజ్‌మెంటుతో మాట్లాడి చెబుతాను," అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఉద్యోగం పోయినట్టేనని వదిన తన పాత లెక్కల పుస్తకాలు బీరువాలో సర్దేసింది. అన్నయ్య లేచి ఇంట్లో ఫ్యాన్లన్నీ వేశాడు. ఓదార్చడం అంటే ఆయనకి తెలిసింది అంతే.

కానీ మేనేజ్‌మెంటు అంటే ఎవరు? ఆయనా, ఆయన భార్యా. తనతో తను మాట్లాడుకోవడం దారిలోనే అయిపోయి ఉంటుంది కాబట్టి, మిగిలిన సగంతో ఆయన ఇంటికెళ్లి మాట్లాడారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు. మర్నాడు బడి గంట కొట్టే వేళకి గేటు ముందు ఒక వ్యాను ఆగిందన్నది మాత్రం తెలుసు. అందులోంచి నగిషీలు చెక్కిన డైనింగు కుర్చీలు దిగాయి, మెత్తలతో సహా. క్లాసుకొకటి చొప్పున వేశారు. ఒక క్లాసుకి తక్కువైతే డ్రెస్సింగ్ టేబులు ముందుండే పూల స్టూలు వచ్చింది. అది డ్రిల్లు మాస్టారికి దక్కింది. వదినకి వచ్చిన కుర్చీకి చేతులు కూడా ఉన్నాయి. ఇంటి యజమాని కూర్చునేదట.

కాబట్టి పాఠకులారా, హాట్ యోగాని పొగిడిన మాటల్లో ఒక్కటి కూడా నేను వెనక్కి తీసుకోను. కుర్చీ వేస్తే తీరిపోయే కష్టానికి మనిషిని నలభై డిగ్రీల్లో ఉడకబెట్టి, ఇంటిల్లిపాదీ చెమట కొలిచి, లేవలేని మనిషిని లేచి గంతులెయ్యమని, చివరికి ఆ కుర్చీయే తెచ్చి వెయ్యడం మామూలు విద్య కాదు. డాక్టరు మొదటి రోజే చెప్పాడు, నిజమే. కానీ ఆయన చెప్పింది మరీ తేలిగ్గా ఉంది, ఎవరు వింటారు?

వదిన ఇప్పుడు కూర్చుని లెక్కలు చెబుతోంది. హీటరు పక్క చోటు ఖాళీ చేసేసింది. కరస్పాండెంటు గారి భార్య కూడా చేసేసింది. అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. మొన్న చేసినప్పుడు ఇంటి విశేషాలు చెప్పిందట. ఆయన ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడే భోంచేస్తున్నారట. కాళ్లు పీకుతున్నాయని రాత్రి కాస్త విసుక్కున్నారట.

"మరి మీరేమన్నారు?" అని అడిగింది వదిన.

"ఏమంటాను? కూర్చోవాలనిపిస్తే కూర్చోండి, కుర్చీ లేకుండా ఎంతసేపైనా కూర్చోండి, నాకు ఏ అభ్యంతరమూ లేదన్నాను."